సగం చెడిన చిప్పులు, పూర్తిగా పనిచేసే మెమరీ

1982 ఏప్రిల్‌లో బ్రిటన్‌లో సింక్లెయిర్ జెడ్‌ఎక్స్ స్పెక్ట్రమ్ వచ్చినప్పుడు 16కే మెషిను 125 పౌండ్లు, 48కేది 175. పైన యాభై పౌండ్లు పెట్టలేనివాళ్లు చిన్నది కొనుక్కుని, చేతిలో డబ్బు ఆడినప్పుడు మెమరీ పెంచుకునేవారు. పాత కంప్యూటర్లు బాగుచేసే నాకు ఇప్పటికీ అన్నిటికన్నా ఇష్టమైన పని అదే.

మూత విప్పితే ఇష్యూ 2 బోర్డు మీద ఖాళీ సాకెట్లు కనిపిస్తాయి. ఎనిమిది మెమరీ చిప్పులకు, నాలుగు వాటిని నడిపే లాజిక్ చిప్పులకు. చౌక మెషిను కొన్నవాడు కూడా రేపు ఎదుగుతాడని తలచి వదిలిన చోటు అది. డిజైన్‌లో ఇంతకు మించిన మర్యాద నేను చూడలేదు.

ఆ ఎనిమిది చిప్పుల సంగతే అసలు ముచ్చట. ఒక్కో చిప్పు బైట్‌లో ఒక్కో బిట్టు మోస్తుంది. సింక్లెయిర్ తీసుకున్నవి 64 కిలోబిట్ చిప్పులే, కానీ తయారీలో ఒక సగం చెడినవి. టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్ వాటిని 4532 అని, ఓకీ 3732 అని వేరే నంబర్లు వేసి అమ్మాయి. ఏ సగం వాడాలో బోర్డు మీది చిన్న తీగముక్క నిర్ణయిస్తుంది. అందుకే ఎనిమిదింటిలోనూ బాగున్నది ఒకే సగం కావాలి. ఇంకొకళ్లు చెత్తబుట్టలో వేసేదాంతో 32కే నిలబెట్టారంటే నాకు ఇప్పటికీ ఒళ్లు పులకరిస్తుంది.

మెషినులో ముందునుంచీ ఉన్న కింది 16కే మాత్రం పెంకిది. ఆ 4116 చిప్పులకు ప్లస్ 12, ప్లస్ 5, మైనస్ 5 వోల్టులు మూడూ కావాలి. మైనస్ 5 పోతే చిప్పులే పోవచ్చు. మీటరుతో మూడూ చూడనిదే నేను కొత్తవి గుచ్చను. పైగా తెర మీది బొమ్మ ఆ 16కేలోనే ఉంటుంది. ఆ బొమ్మను తెరకు పంపే యూఎల్‌ఏ చిప్పు దాన్ని చదివేటప్పుడు ప్రాసెసర్ జెడ్80 ఆగాల్సి వస్తుంది. పై 32కేకి ఆ అడ్డు లేదు కనుక చోటుతోపాటు వేగమూ కలిసొస్తుంది.

ఇప్పుడు రెండు సగాలూ బాగున్న 4164 చిప్పులు పెట్టి, ఆ సగాలను మార్చిమార్చి వాడి 80కే చేసేవాళ్లున్నారు. పనితనం గొప్పదే. నాకు మాత్రం 48కే చాలు, ఆటల్లో ఎక్కువ భాగం దానికి రాసినవే.

పని అయ్యాక ‘ప్రింట్ పీక్ 23732+256*పీక్ 23733’ కొడితే 65535 రావాలి. 32767 వస్తే పై మెమరీ అందలేదన్నమాట. సరైన సంఖ్య వచ్చినా అక్కడితో ఆపకూడదు. అది ఆన్ చేసిన క్షణంలో జరిగిన లెక్క, వేడెక్కాక తడబడే చిప్పు అందులో దొరకదు. కాసేపు మెషినును అలాగే నడవనిచ్చి, తర్వాత ‘మానిక్ మైనర్’ ఆట లోడ్ చేస్తాను.