చీకట్లో నింపే క్యాసెట్

ఫిల్మ్ కెమెరా వాడేవాళ్లలో కొందరు విడి రీళ్లు కొనరు. వంద అడుగుల ఫిల్మ్ చుట్టను డబ్బాతో తెచ్చుకుని, ఇంట్లోనే కత్తిరించి, ఖాళీ క్యాసెట్లలోకి ఎక్కించుకుంటారు. ఒక చుట్టకు 36 ఫొటోల రీళ్లు పద్దెనిమిది దాకా వస్తాయి. డబ్బు ఆదా సరే, నాకు ముచ్చటేసేది వాళ్ల చేతుల నేర్పు.

చుట్టను లోడర్‌లోకి, అంటే క్యాసెట్లు నింపే పెట్టెలోకి, దించడం కటిక చీకట్లోనే జరగాలి. చేతులు దూర్చే నల్లసంచీలోనో, తలుపు సందులు మూసిన బాత్రూంలోనో. అక్కడ కళ్లకు పని లేదు, అంతా వేళ్లదే. మూత పడ్డాక ఇక లైటు వేసుకోవచ్చు. ఫిల్మ్ కొసను క్యాసెట్ ఇరుసుకు టేపుతో అంటించి, క్యాసెట్ మూసి, లోడర్ తలుపు బిగించి, పిడి తిప్పడమే. అంటించేటప్పుడు వెలుతురు తగిలిన ఆ కొసే రీలుకు చివర అవుతుంది. అందుకే ఆరితేరినవాళ్లు ఆఖరి ఫ్రేమును నమ్ముకోరు. (తలంబ్రాల ఘట్టం అక్కడ పడకుండా చూసుకోవాలి మరి!) క్యాసెట్ నోటి దగ్గరి మెత్తటి అంచులో ఒక్క ఇసుక రేణువు చిక్కినా రీలు పొడవునా గీత పడుతుంది. దాన్ని శుభ్రం చేసే ఓపిక లేనివాళ్లు దుకాణం రీలు కొనుక్కోవడమే మేలు.

ఇది ఇప్పటి పిసినారితనమేమీ కాదు. 1925లో లైకా కెమెరా బయటికి వచ్చినప్పుడు సినిమా ఫిల్మునే ఇలా క్యాసెట్లలో నింపుకునేవారు. ముందే నింపిన క్యాసెట్‌ను కొడాక్ 1934లో తెచ్చింది.

నింపగానే ఏ ఫిల్మో, ఎంత ఐఎస్ఓనో రాసి అంటించాలి. గుర్తు లేని క్యాసెట్లు రెండు కలిశాయంటే బ్రహ్మదేవుడు కూడా విడదీయలేడు.