ప్రతి దెబ్బా కిందికే

రాక్ బృందం రామోన్స్ తొలి ఆల్బమ్‌ని ఇయర్‌ఫోన్లు పెట్టుకుని వినాలి. పాట నడుస్తుండగా కుడి చెవిది తీసేయండి. అంతసేపూ హోరెత్తించిన గిటార్ దాదాపు మాయమై బేసు, డ్రమ్స్, గొంతు మిగులుతాయి. ఎడమది తీస్తే బేసు పోతుంది. గిటార్‌ని కుడివైపుకీ, బేసుని ఎడమవైపుకీ పూర్తిగా నెట్టేసి, డ్రమ్స్‌నీ గొంతునీ మధ్యలో నిలబెట్టారు. బీటిల్స్ తొలినాటి స్టీరియో రికార్డుల్లో ఇలాంటి విభజనే వినిపిస్తుంది. నిర్మాత క్రెయిగ్ లియోన్ దాన్ని కావాలనే తీసుకున్నాడు.

నలుగురు కుర్రాళ్లు చేతికొచ్చినట్టు బాదేశారన్న పేరు ఈ రికార్డుకి 1976 నుంచీ ఉంది. బాదారు, నిజమే. చేతికొచ్చినట్టు మాత్రం కాదు. న్యూయార్క్ రేడియో సిటీ మ్యూజిక్ హాల్ భవనం పై అంతస్తులోని ప్లాజా సౌండ్ స్టూడియోలో, ఆ ఏడాది ఫిబ్రవరిలో, వారం రోజుల్లో, సుమారు 6,400 డాలర్లతో పని ముగించారు. 14 పాటలు, మొత్తం 29 నిమిషాలు. అంత వేగంగా తెమిలిందంటే ఏం వాయించకూడదో ముందే తేల్చుకుని వచ్చారన్నమాట.

ఆ తేల్చుకోవడం అన్నిటికన్నా స్పష్టంగా వినిపించేది బృందం గిటారిస్టు జానీ వాయింపులో. మామూలుగా గిటారిస్టు చెయ్యి కిందికోసారి, పైకోసారి తీగల్ని మీటుతుంది. పైకొచ్చే దెబ్బ కాస్త తేలిగ్గా పడుతుంది, వాయిద్యానికి ఊపు అక్కడే పుడుతుంది. జానీకి ఆ ఊపు అక్కర్లేదు. అతని ప్రతి దెబ్బా కిందికే. చేతిని ఖాళీగా పైకి తెచ్చి మళ్లీ కొట్టాలి. నిమిషానికి 170 బీట్లు దాటిన ‘బ్లిట్జ్‌క్రీగ్ బాప్’లో లెక్కేస్తే సెకనుకి ఐదారు దెబ్బలు, అన్నీ ఒకే బలంతో. దీన్ని తేలికపని అనుకునేవాళ్లు గిటార్ చేతిలోకి తీసుకుని రెండు నిమిషాలు ప్రయత్నించాలి, ముంజేయే జవాబు చెబుతుంది. ఫలితం ఏమిటంటే, దెబ్బకీ దెబ్బకీ మధ్య సందు చెరిగిపోయి శబ్దం గోడలా నిలబడుతుంది. పల్లవి అయ్యాక గిటారిస్టు ముందుకొచ్చి తన విద్య చూపించుకునే సోలోలు లేనేలేవు. 70ల రాక్ సంగీతంలో ఆ సోలోలు ఎంత సాగేవో తెలిసినవాళ్లకి ఇది పెద్ద ఊరట.

వెనక డ్రమ్స్ దగ్గరున్న టామీ బుడాపెస్ట్‌లో పుట్టినవాడు. బృందానికి మేనేజర్‌గా ఉందామనుకున్నాడు. తనకి కావలసినట్టు వాయించే డ్రమ్మర్ దొరక్క తనే కూర్చున్నాడు. అలంకారాలేవీ లేకుండా కొలిచినట్టు సాగే ఆ వాద్యం మీదే జానీ గోడ నిలబడింది.

ఈ పరుగంతటిలో తొందరపడనిది గాయకుడు జోయీ గొంతు. 60ల నాటి రొనెట్స్‌లాంటి అమ్మాయిల బృందాల పాటలంటే అతనికి ప్రాణం. గిటార్ ఉరుకుతుంటే అతను మాటల్ని సాగదీస్తూ, తీయగా, కాస్త బేలగా పాడతాడు. నాకు ఈ ఆల్బమ్ మీద ఇష్టం నిలిచింది ఆ గొంతు వల్లే. ఉత్త దూకుడే అయితే నాలుగో పాటకి విసుగొచ్చేది. ‘జూడీ ఈజ్ ఎ పంక్’ ఒకటిన్నర నిమిషంలో అయిపోతుంది. రెండో చరణం మొదటిదేనని గాయకుడే మొహమాటం లేకుండా ప్రకటించేస్తాడు.

లోపం లేదనను. చివరి పాటలోని నాజీ ప్రస్తావన నాకు మింగుడుపడదు. జోయీ యూదుడు, టామీ తల్లిదండ్రులు నాజీ మారణకాండ నుంచి బతికి బయటపడ్డ యూదులు. కాబట్టి అది వెటకారమే కావచ్చు, అయినా చవకబారు వెటకారం.

అప్పట్లో ఆల్బమ్ బిల్‌బోర్డ్ పట్టికలో 111వ స్థానం దాటలేదు. అమెరికాలో గోల్డ్ గుర్తింపు 2014లో వచ్చింది, అప్పటికి ఆ నలుగురిలో టామీ ఒక్కడే బతికున్నాడు.

రెండు పాటల దగ్గర మాత్రం ఆగి వినండి. ‘ఐ వానా బి యువర్ బాయ్‌ఫ్రెండ్’లో గిటార్ వెనక గ్లాకెన్‌స్పీల్ గంటలు సన్నగా మోగుతాయి. క్రిస్ మాంటెజ్ పాత హిట్ ‘లెట్స్ డాన్స్’లో రేడియో సిటీ వారి భారీ వుర్లిట్జర్ ఆర్గన్ ఉంది, వాయించింది లియోనే. అంత తక్కువ డబ్బులో, అంత తక్కువ సమయంలో, ఈ ముచ్చటకీ చోటు పెట్టుకున్నారు.