మిద్దె మీది మన్ను

మన కావ్యాలలో తోటలకు కొదువ లేదు. ఏ ప్రబంధము విప్పినా ఉద్యానవర్ణన ఎదురవుతుంది. అయితే ఆ తోటకు ఎరువు మోసినదెవరో, ఎండాకాలంలో నీరు తోడినదెవరో కవి చెప్పడు. ఆముక్తమాల్యద ఇందుకు భిన్నము. వానాకాలంలో తడికట్టెలతో పొయ్యి రాజేయలేక అవస్థపడే కాపు ఇల్లాలిని రాయలవారు చూచినారు. ఆ చూపు తరువాతివారికి అంతగా అబ్బలేదు.

ఇటీవల నగరాలలో మిద్దెలపై కూరలు పండించే ఉత్సాహము ప్రబలినది. దానిని గూర్చిన వ్రాతయు పెరిగినది. ఈ వ్రాత చాలావరకు రెండు తెరగులు. విడిచివచ్చిన పల్లెను తలచుకొని కన్నీరు పెట్టే కవిత ఒకటి. వేపపిండి ఎంత, పశువుల ఎరువు ఎంత అని చెప్పే కరదీపిక మరొకటి. రెండవదే మేలని నా అభిప్రాయము. ప్రసిద్ధ కథకులు తుమ్మేటి రఘోత్తమరెడ్డిగారు హైదరాబాదులో మిద్దెపై తాము స్వయంగా పండించి, ఆ అనుభవమును గ్రంథస్థము చేసినారు. అందులో మన్ను ఉన్నది. మన కవితలలో మన్నువాసన మాత్రమే ఉన్నది. అదియు తొలకరి నాటిదే, పేడదిబ్బ నాటిది కాదు.

నగరంలోని తోట సాహిత్యవస్తువు కాగలదా అని సందేహించేవారు కారెల్ చాపెక్ 1929లో ప్రకటించిన 'తోటమాలి సంవత్సరము' చదువవలెను. ప్రాగ్ నగరంలో తన ఇంటిని ఆనుకొని ఉన్న కొద్దిపాటి నేలయే ఆ చెక్ రచయితకు ఆధారము. బొమ్మలు అన్నగారైన జోసెఫ్ వేసినాడు. ఇందులో పూలవర్ణన తక్కువ, నడుమునొప్పి ఎక్కువ. నీటిగొట్టము మొక్కలను విడిచి యజమానినే తడుపుతుంది. ఊరికి పోయినవాడు తోటను స్నేహితునికి అప్పగించి, ఇది చేయుము, అది మరువకుము అని జాబు వెంట జాబు వ్రాస్తాడు. వీధిలో గుర్రము వేసిన లద్దెను ఎత్తుకొని పోనీయక అడ్డుపడేది లోకుల ఎదుట సిగ్గు ఒక్కటే! ఈ హాస్యము మధ్య ఒక గంభీరమైన మాట ఉన్నది: తోటమాలి నిజంగా పెంచేది పూలను కాదు, మన్నును. నవంబరు మాసము వచ్చేసరికి నవ్వు తగ్గుతుంది. ప్రకృతి నిద్రించినదని లోకమనుకొనే వేళ వేళ్లు లోతుకు దిగుతున్నవనీ, రాబోయే వసంతపు మొగ్గలు అప్పుడే కొమ్మలపై సిద్ధమైనవనీ అతడు చూపుతాడు. పుస్తకమంతటిలో నాకు మిక్కిలి నచ్చిన ఘట్టమిది.

అయినను చాపెక్‌ను మనవారు తెచ్చి అట్లే నాటుకొనడం చాలదు. అతని తోట చెడితే నవ్వు వస్తుంది. రైతు పంట చెడితే అప్పు వస్తుంది. మిద్దె మీదికి వంగనారు ఎక్కినది గాని, వడ్డీ ఎక్కలేదు. ఈ తేడాను మరచి, పది కుండీలలో టమాటా కాయించినవాడు తాను కర్షకుడనైతినని వ్రాసినప్పుడు ఆ రచన అసత్యమవుతుంది. దువ్వూరి రామిరెడ్డిగారు స్వయముగా సేద్యము చేసినవారు. 'కృషీవలుడు' కావ్యమునకు గల నిబ్బరము అక్కడినుండి వచ్చినదే. ఆ కావ్యంలో ఆదర్శీకరణ కొంత లేకపోలేదు. ఐనను కవి నిలుచున్నది గట్టుమీద కాదు, మడిలో.

మిద్దెతోటను వస్తువుగా గ్రహించే కథకునికి సామగ్రి లేక కాదు. పైకప్పు చెమ్మ దిగుతున్నదని క్రింది వాటావారు పెట్టే తగవు ఉన్నది. వేసవిలో టాంకరు నీరు కొని ఆ నీటినే పాదులకు పోయవలెనా అన్న సంకటము ఉన్నది. బస్తాలను మెట్లమీదుగా పైకి మోసే కూలివాడు, బహుశః నిన్నటి రైతే, ఉన్నాడు. ఆ బస్తాలలోని ఎర్రమన్ను ఏ ఊరి చేను గుంటపడగా ఇక్కడికి వచ్చినదో అతనిని అడిగిన కథ మాత్రము నేనింతవరకు చదువలేదు.