వంకర కప్పుకు తిన్నని గీత

పాత గదిలో కప్పు ఎంత ఒరిగిందో కంటికి తెలియదు. గోడ పైఅంచు వెంట ఒక నూలుదారం మట్టంగా బిగించి కట్టండి. ఒక మూల కప్పు దారాన్ని తాకుతుంది, ఎదుటి మూలలో వేలు దూరేంత సందు కనిపిస్తుంది. గోడా కప్పూ కలిసేచోట కార్నీసు తీసే మేస్త్రీ పని ఆ సందు దగ్గరే మొదలవుతుంది.

జహీరాబాద్ ప్రాంతంలో ఎర్రనేలలూ నల్లరేగడి చేలూ పక్కపక్కనే ఉంటాయి. నల్లరేగడి వానకు ఉబ్బుతుంది, ఎండకు బీటలిస్తుంది. దాని మీద లోతు చాలని పునాది వేస్తే గోడ కదులుతుంది, గోడతోపాటు కప్పూ ఒరుగుతుంది. పాత మిద్దెల్లో దూలాలు బరువుకు నడుమ కుంగుతాయి. కొత్త ఇళ్లలోనూ సెంట్రింగ్ ఒకచోట జారితే స్లాబు అడుగు అలలు తేలుతుంది. అచ్చంగా చదునైన కప్పు అరుదు.

జహీరాబాద్‌కు ఆ పేరు ‘పైగా’ అనే ప్రభువంశపు నవాబు జహీర్ యార్ జంగ్ వల్ల వచ్చింది. ఆ వంశీకుల సమాధులు హైదరాబాద్‌లో సంతోష్‌నగర్ దగ్గరున్నాయి. దక్కన్ గచ్చుపని ఎంత నాజూకుగా ఉండగలదో చూడాలంటే అక్కడికి వెళ్లాలి. 1591 నాటి చార్మినార్ మీది పూలూ పట్టీలూ కూడా సున్నపు గచ్చే. కాల్చిన సున్నాన్ని తడిపి, ఇసుకతో గానుగలో మెత్తగా నూరి, బెల్లం నీళ్లు, కరక్కాయ కషాయం వంటివి కలిపేవారు. ఆ సున్నం నెమ్మదిగా గాలిలోని బొగ్గుపులుసు వాయువును పీల్చుకుంటూ మళ్లీ రాయిగా మారుతుంది. ఆ నెమ్మదే మేస్త్రీకి వరం. దిద్దుకోవడానికి వ్యవధి దొరుకుతుంది.

పని క్రమం ఇలా ఉంటుంది. ముందు కప్పును వేలికణుపుతో తట్టి చూడాలి. డొల్ల శబ్దం వస్తే ఆ పెచ్చును రాల్చేయాలి. తర్వాత నీళ్లు నింపిన పారదర్శక పైపుతో నాలుగు గోడల మీదా ఒకే మట్టానికి గుర్తులు పెట్టాలి. ఆ గుర్తుల నుంచి కప్పు దాకా రెండేసి అడుగులకు ఒకసారి కొలిస్తే, ఎక్కడ దిగిందో ఎక్కడ లేచిందో తేలిపోతుంది. అన్నిటికన్నా కిందికి దిగిన చోటును బట్టి కార్నీసు అడుగుగీత పడుతుంది.

కళ్లు పట్టేది ఆ అడుగుగీతనే, ఎందుకంటే నీడ పడేది దాని కిందే. కాబట్టి తేడా అరంగుళం లోపుంటే గీతను మట్టానికే ఉంచి, పైన మిగిలిన సందును సున్నంతో నింపి, కప్పు మీదికి అడుగు మేర పలచగా లాగేస్తారు. తేడా అంతకు మించితే మొత్తం ఒకేచోట దాచబోరు. సగం గీతను కొద్దిగా వాల్చి, మిగతా సగం పై పూతలో కలిపి పంచుతారు. పన్నెండడుగుల గోడ పొడవునా పరచిన వంకర ఎవరి కంటా పడదు.

గచ్చు కార్నీసుకు గోడ మీద చెక్కబద్ద కొట్టి, పట్టీ ఆకారానికి రేకు కత్తిరించిన సాంచాను ఆ బద్ద ఆసరాగా నడుపుతారు. ముతక సున్నం పొర మీద పొర వేసి, చివరికి నున్నని పూతతో ముగిస్తారు. మూలల్లోకి సాంచా పోదు, అక్కడ తాపీతో చేత్తోనే తీర్చాలి. గది మూల అచ్చంగా లంబకోణం కాకపోయినా చెయ్యి సర్దుకుంటుంది.

ఇప్పుడు ఎక్కువగా వాడే పీఓపీ ముక్కలు అచ్చులో పోసి తెచ్చినవి. అవి తిన్నగా ఉంటాయి, కప్పు అలా ఉండదు. వంకర మీద బలవంతంగా వంచితే విరుగుతాయి. 45 డిగ్రీలకు కోసిన ముక్కలు మూల కోణం తేడా ఉంటే కలవవు. అందుకే కోణాన్ని కొలిచి సగం చేసి కోయాలి. పీఓపీ అంటే కాల్చిన జిప్సమే, అది నిమిషాల్లో గట్టిపడుతుంది, కారే కప్పు కింద మెత్తబడుతుంది. రెండు వేల ఏళ్ల క్రితమే రోమన్ వాస్తుశిల్పి విట్రూవియస్ కార్నీసులు తేలికగా, సన్నగా ఉండాలనీ, వాటిలో జిప్సం కలపవద్దనీ రాశాడు. జిప్సం ముందే ఆరిపోయి పనంతా సమంగా ఆరనివ్వదన్నది అతని కారణం. మన మేస్త్రీలు సున్నంతో తెలుసుకున్నదీ అదే.

మీ తాతల ఇంట్లో గచ్చు పట్టీ ఉంటే, పగిలిందని సిమెంటు మెత్తించకండి. సిమెంటు లోపలి తేమను బయటికి పోనివ్వదు, పక్కనున్న సున్నం ఉప్పెక్కి రాలుతుంది. సున్నంతోనే పూయించండి, సున్నం పని తెలిసిన పెద్ద మేస్త్రీని వెతికి పిలవండి. అతనితో ఒక కుర్రవాణ్ని కూడా నిచ్చెన ఎక్కించండి. మూల తీర్చడం ఆ చేతిని చూస్తేనే వస్తుంది.