గేరుపెట్టెకు రంగు వేసినచో వేడి తగ్గునా?

“నల్లని వస్తువులు వేడిని పీల్చుకొనును, తెల్లనివి త్రిప్పికొట్టును” అని మన విద్యార్థులు కంఠస్థము చేయుదురు. ఈ వాక్యము తప్పు కాదు గాని అసంపూర్ణము. నాయుడుపేటవద్ద చెన్నై–కోల్‌కతా రహదారిపై ఆగిన లారీని చూచి, “గేరుపెట్టెకు నల్లరంగు వేసిన కాగును, తెల్లరంగు వేసిన చల్లబడును” అని ఒక బాలుడు చెప్పెననుకొందము. అతడు పొరబడినాడు. కాని ఆ దోషము పాఠము చెప్పిన తీరులోనే ఉన్నది.

ఆ వాక్యము ఎండకు వర్తించును. సూర్యరశ్మిలో సుమారు సగము కంటికి కనబడు వెలుగు. కనుక అక్కడ రంగు ముఖ్యము. గేరుపెట్టె యుండునది బండి నీడలో. దాని వేడి పళ్ళ రాపిడివలనను, నూనె చిలుకబడుటవలనను లోపలనే పుట్టును. సుమారు 95 డిగ్రీల సెంటిగ్రేడువద్ద లోహము వెలువరించునవి పరారుణ కిరణములు. ఈ విషయములో తెల్ల పెయింటు, నల్ల పెయింటు దాదాపు సమానమే. సంపూర్ణ కృష్ణవస్తువు వెలువరించు దానిలో రెండును సుమారు 90 శాతము వెలువరించును. మెరుగుపెట్టిన అల్యూమినియము 10 శాతమైనను వెలువరించదు. తెల్లకాగితము మసితో ఇంచుమించు సమానముగా వేడిని వెదజల్లునని జాన్ లెస్లీ 1804లోనే ప్రకటించెను.

అట్లయిన పెయింటువలన లాభమెంత? గాలి 40 డిగ్రీలున్నప్పుడు, 95 డిగ్రీల గేరుపెట్టెనుండి చదరపు మీటరుకు వికిరణముచే పోవు వేడి, పెయింటు ఉన్నచో సుమారు 450 వాట్లు. పెయింటులేని పోత అల్యూమినియమునకు సుమారు 100 వాట్లు. నిలిచిన బండికి ఇది కొంత మేలే. పరుగెత్తు బండిలో గాలి తీసికొనిపోవు వేడి ఇంతకు అనేక రెట్లుండును గనుక ఆ మేలు స్వల్పమగును. త్రుప్పుపట్టిన పోత ఇనుము పెయింటు లేకయే బాగుగా వికిరణము చేయును. దానికి పెయింటు త్రుప్పునుండి రక్షణకే. మిల్లీమీటరులో పదవవంతు పెయింటుపొర వేడిని అంతగా అడ్డదు. దానికి ఏబది రెట్లు మందమున పేరుకొన్న బురద, జిడ్డు మాత్రము అడ్డును.

ఉపాధ్యాయులు ఒక్క గంటలో దీనిని చూపవచ్చును. ఒకే కొలత రేకుడబ్బాలు మూడు తీసికొని, ఒకటి మెరయుచునే ఉంచి, ఒకదానికి తెల్లరంగు, ఒకదానికి నల్లరంగు పూయవలెను. గాలి వీచని నీడలో, సమానముగా వేడినీరు పోసి, అట్టమూతలు పెట్టి, ఐదేసి నిమిషములకు ఉష్ణోగ్రత వ్రాసికొనవలెను. రంగు పూసినవి రెండును ఇంచుమించు సమానముగా చల్లబడును, మెరయునది వెనుకబడును.

పాఠములోని వాక్యమునకు “ఎండలో” అను ఒక్క మాట చేర్చినచో చాలును. రేపు మెకానిక్కు కాబోవు విద్యార్థి అప్పుడు బండి యజమానిచేత రంగుకు డబ్బు ఖర్చు పెట్టింపడు; ముందుగా బురద కడిగి, నూనెమట్టము చూచును.