లాయరు మామగారు

పాటల రచయితల అగ్రిమెంట్లు చదివి పెట్టడం నా వృత్తిలో ఒక భాగం. అందుకే లాయరుగా మొదలై కళాకారుల మేనేజర్లుగా మారినవాళ్ల కథలు ఎక్కడ కనిపించినా వదలను. వాళ్లలో నాకు ఎక్కువ గౌరవం న్యూయార్క్ లాయరు లీ ఈస్ట్‌మన్ మీద. హార్వర్డ్‌లో లా చదివిన ఆయన పాటల రచయితలకూ, బ్యాండు నాయకులకూ, డి కూనింగ్ లాంటి చిత్రకారులకూ వ్యవహారాలు చూసిపెట్టాడు. 1969 మార్చిలో ఆయన కూతురు లిండాను బీటిల్స్ బ్యాండులోని పాల్ మెకార్ట్నీ పెళ్లాడాడు.

అప్పటికే బీటిల్స్ నలుగురికీ పొసగడం లేదు. తమ పాటల హక్కులున్న నార్తర్న్ సాంగ్స్ కంపెనీలో లెనన్, మెకార్ట్నీలకు మెజారిటీ వాటా లేదు. అదే ఏడాది పబ్లిషర్ డిక్ జేమ్స్ వాళ్లకు మాటమాత్రమైనా చెప్పకుండా తన వాటాను ఏటీవీ అనే కంపెనీకి అమ్మేశాడు. వ్యవహారాలు చక్కదిద్దడానికి, మెకార్ట్నీ కాక మిగతా ముగ్గురూ అకౌంటెంటు అలెన్ క్లైన్‌ను ఎంచుకున్నారు. మెకార్ట్నీ మాత్రం మామగారినీ, లిండా అన్న జాన్‌నూ నమ్ముకున్నాడు. పిల్లనిచ్చిన మామ అల్లుడి పక్షమే చూస్తాడని ఆ ముగ్గురూ శంకించడం సహజమే. వాళ్ల స్థానంలో ఉంటే నేనూ ఒప్పుకునేవాణ్ణి కాదు.

మెకార్ట్నీ కోపమంతా క్లైన్ మీద. కానీ నలుగురి భాగస్వామ్య పత్రంలో క్లైన్ లేడు. బయటపడాలంటే స్నేహితుల మీదే దావా వెయ్యాలన్నది లాయర్ల మాట. 1970 డిసెంబర్ 31న లండన్ హైకోర్టులో దావా పడింది. మరుసటి మార్చిలో బ్యాండు వ్యవహారాలు చూసేందుకు కోర్టు రిసీవర్‌ను నియమించింది. అంత చేదు సలహాను అల్లుడికి ఇచ్చి, దాని మీద నిలబడటం చిన్న విషయం కాదు.

ఆ తర్వాత మేనేజర్‌గా లీ చేసిన పని నాకు ఇంకా ఇష్టం. డబ్బు ఎందులో పెట్టాలని అల్లుడు అడిగితే, నీకు తెలిసిన సంగీతంలోనే పెట్టమన్నాడు. అలా మెకార్ట్నీ కంపెనీ ఎంపీఎల్, ఆయన చిన్నప్పటి నుంచి ఆరాధించిన గాయకుడు బడ్డీ హాలీ పాటల హక్కులు కొన్నది. సొంత పాటలు మాత్రం 1985లో ఏటీవీతో పాటు మైకేల్ జాక్సన్ చేతికి వెళ్లాయి. ఆ బేరం నడిపిన జాన్ బ్రాంకా కూడా లాయరే.

అమెరికాలో మేనేజర్‌కు మామూలుగా కళాకారుడి సంపాదనలో 15 నుంచి 20 శాతం ముడుతుంది. ఒప్పందం కుదిరితేనే ఆయనకు రాబడి. గంటల లెక్కన ఫీజు తీసుకునే లాయరుకు మాత్రం, సంతకం పెట్టొద్దని చెప్పినా డబ్బు అందుతుంది. రెండు కుర్చీల్లోనూ ఒకే మనిషి కూర్చున్నప్పుడు లాయరు గొంతు మూగబోకూడదు. లీ ఈస్ట్‌మన్‌లో అది చివరిదాకా వినిపించిందని నా నమ్మకం.

మన దేశంలో 2012 కాపీరైట్ సవరణ వచ్చాక, థియేటర్లలో సినిమా ప్రదర్శన మినహా పాటను మరెక్కడ వాడుకున్నా వచ్చే రాయల్టీలో గీత రచయితకూ, సంగీత దర్శకుడికీ ఉన్న వాటాను నిర్మాతకు రాసివ్వడం చెల్లదు. కొత్తగా పాటలు రాస్తున్న తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, సంతకం పెట్టేముందు ఆ కాగితాన్ని, ఆ బేరంలో వాటా లేని ఒక లాయరుకు చూపించండి.