రాధికాసాంత్వనము : వక్తృభేదమున ఔచిత్యభేదము

క్షేమేంద్రుడు ఔచిత్యవిచారచర్చయందు పదము మొదలుకొని ఇరువదియేడు ఔచిత్యస్థానములను పేర్కొనినాడు. అందు లింగౌచిత్యమును కలదు. కాని అది శబ్దలింగమునకు సంబంధించినదే గాని, కావ్యకర్త స్త్రీయా పురుషుడా యను విచారము కాదు. ఆలంకారికు లడుగని యీ ప్రశ్నను ఆధునికాంధ్ర విమర్శ యడిగినది. అడుగుటయే గాక దానినిబట్టి యొక కావ్యమునకు దోషమును నిర్ణయించినది. ఆ కావ్యము ముద్దుపళని రచించిన రాధికాసాంత్వనము.

ముద్దుపళని తంజావూరు నేలిన మరాఠా ప్రభువు ప్రతాపసింహుని (1739–1763) ఆస్థానమున వెలసిన విదుషి. నాలుగాశ్వాసముల యీ శృంగారప్రబంధమును 1887లో పైడిపాటి వేంకటనరసు ప్రకటించెను. 1910లో బెంగుళూరు నాగరత్నమ్మ (1878–1952) దీనిని పరిష్కరించి వావిళ్లవారిచే అచ్చు వేయించినది. 1911లో మద్రాసు ప్రభుత్వము అశ్లీలమని నిషేధించెను. 1947లో టంగుటూరి ప్రకాశముగారి ప్రభుత్వము ఆ నిషేధమును తొలగించెను. ఇది యందఱెఱిగిన చరిత్రయే. తఱగతులలో ఈ చరిత్రను చెప్పి కావ్యమును విడిచిపెట్టు అలవాటు ప్రబలుచున్నది. నిషేధింపబడిన దన్న కీర్తి, నిషేధమువలెనే కావ్యపఠనమునకు అడ్డగునేమో యని మా శంక.

వీరేశలింగము పంతులుగారు ఆంధ్రకవుల చరిత్రమున పళని పాండిత్యమును, శైలీమాధుర్యమును ఒప్పుకొనిరి. వారి యాక్షేపణములు రెండు: కర్త్రి వేశ్య; ఆమె వర్ణించినవి స్త్రీ నోట రాదగినవి కావు. ఈ రెండును కావ్యదోషములు కావు, కర్తృదోషములు. నాగరత్నమ్మ సమాధానము సూటియైనది. సిగ్గు స్త్రీలకే గాని పురుషులకు లేదా యని ఆమె ప్రశ్నించినది. సారంగు తమ్మయ వైజయంతీవిలాసమును పంతులుగారే పరిష్కరించి యామోదించిన సంగతిని చూపినది.

దీనిని పంతులుగారి వైయక్తికద్వేషముగా భావించుట సులభమే గాని న్యాయము కాదు. 1881లో రాజమహేంద్రవరమున తొలి వితంతువివాహము జరిపించినవారు వారే. వితంతువునకు దాంపత్యము హక్కని వాదించిన బుద్ధియే, దాంపత్యమునకు వెలుపలనున్న కళావంతురాలికి మాట తగదనినది. 1893లో మద్రాసు సంస్కర్తలు భోగముమేళములను ఆదరింపవలదని వైస్రాయికిని గవర్నరుకును విజ్ఞప్తి పంపిరి. ఆ కాలము గృహిణి యను నొక క్రొత్త యాదర్శమును నిర్మించుచుండెను. అందు కామమునుగూర్చి తెలియుట యొక తప్పు, తెలిసినట్లు చెప్పుట రెండవ తప్పు. వారవనితను రోగమునకును దుర్నీతికిని మూలముగా జూచు దృష్టి అప్పటి చట్టములందును కలదు. 1868 నాటి అంటువ్యాధుల చట్టము పురుషుని విడిచి స్త్రీనే పరీక్షకు పిలిచినది. పళని కావ్యముపై పడిన నింద ఈ పెద్ద మార్పులోని యొక చిన్న పాయ.

కావ్యమును చూతము. రాధ తాను పెంచిన ఇళను కృష్ణునకు వివాహము చేయును. తొలిరేయికి ముందు ఇళకు బోధించును. కృష్ణునకును, బాల బెదరకుండ మెలగవలసిన రీతిని చెప్పును. పిమ్మట విరహము, అసూయ, కోపము. తుదకు కృష్ణుడు వచ్చి బ్రతిమాలి సాంత్వనము చేయును. నాయికను నాయకుడు బ్రతిమాలుట తెలుగునకు క్రొత్త కాదు. తిమ్మన పారిజాతాపహరణమున సత్యభామ కాలు కృష్ణుని శిరమునకు తగిలినను మనవారు ఆనందించిరి. భేదమెక్కడ? సత్య కోపమునకు హేతువు పారిజాతము, అనగా సవతికి దక్కిన గౌరవము. రాధ కోపమునకు హేతువు కామమే. ఆమె దానిని మఱియొక పేరున దాచదు. అంతకన్న ముఖ్యమైనది ఆ బోధఘట్టము. అనుభవజ్ఞురాలైన స్త్రీ, పురుషునకు స్త్రీశరీరమునుగూర్చి, భయమునుగూర్చి, ఓర్పునుగూర్చి ఉపదేశించుట మన ప్రబంధములలో అరుదు. పెద్ద ముత్తైదువులు పెండ్లికూతురి చెవిలో చెప్పు మాటలు పద్యములై సభకు వచ్చినవి. అశ్లీలమని తోచినది వర్ణన కాదు, ఈ విద్య బయటపడుట యని మా యభిప్రాయము.

ఇచ్చట హైదరాబాదు కవయిత్రి యొకతె స్మరణకు వచ్చుచున్నది. జల్‌పల్లి వంటి నగరోపాంతములందు ఒక వీథిలోనే తెలుగు, ఉర్దూ వినుచు పెరిగిన మన విద్యార్థులకు ఈ పోలిక దూరపుది కాదు. మౌలాలి కొండ క్రింద సమాధిగల మాహ్ లఖా బాయి చందా (1768–1824) ఆస్థానకళాకారిణి. ఆమె దివానునందు నూటయిరువదియైదు గజళ్లు. అది ఆమె మరణానంతరము ప్రకటితమైనది. ఆమెయు ప్రేమనే పాడినది. కాని ఉర్దూ గజలున ప్రియుడును, ప్రియురాలును సంప్రదాయముగా పుంలింగముననే చెప్పబడుదురు. వ్యాకరణమే యొక తెర. తెలుగు ప్రబంధమున రాధ రాధగానే మాటాడవలెను. ఒకే వృత్తికి చెందిన ఇద్దఱు విదుషులు ఒకే భావమును పలికినను, భాష వారికిచ్చిన చాటు సమానము కాదు.

ఇట్లనుటవలన రాధికాసాంత్వనము నిర్దోషమని మేమనుట లేదు. నేటి వ్యాఖ్యాతలు కొందఱు దీనిని స్త్రీస్వాతంత్ర్యప్రబంధముగా కొనియాడుదురు. 1991లో సూసీ థారు, కె. లలిత సంకలనించిన ఆంగ్లగ్రంథము పళనిని దేశమంతటికి పరిచయము చేసినది. ఆ మేలు గొప్పది. అయినను ఈ కావ్యమున బహుపత్నీత్వము ప్రశ్నింపబడదు. ఇళ తనకేమి కావలెనో చెప్పుట మాకు ఎచ్చటను కానరాలేదు. ఆమె యొకరు పెంచినది, ఒకరికి ఈయబడినది. రాధ చేసిన దయాపూర్ణమైన బోధకు వినువారు గలరు గాని, విన్న బాలిక మాట లేదు. రాధ గొంతును విప్పిన కవయిత్రి ఇళ గొంతును విప్పలేకపోయినది.

పరిశోధకులు చేయదగిన పని యొకటి మిగిలియున్నది. 1887 నాటి ముద్రణమున లేని పీఠికను నాగరత్నమ్మ తన ప్రతియందు చేర్చినది. అందు పళని తన పితామహి తంజనాయకి మొదలుగా, విద్యావతులైన తన వంశస్త్రీలను చెప్పుకొనినది. కవి తన వంశమును తండ్రితాతల పరంపరగా చెప్పుకొను ఆచారము గల భాషలో ఇది స్త్రీపరంపరగా చెప్పబడిన వంశవర్ణన. శృంగారపద్యములను విడిచినవారి సంకోచము మన కర్థమగును. ఒక్క శృంగారపద్యమైనను లేని ఆ పీఠికను విడుచుటకు కారణమేమో, ఆ రెండు ముద్రణములను తాళపత్రప్రతులతో పోల్చి చూడవలసియున్నది.